బడి పిల్లల పర్యావరణ ప్రాజెక్టు పెట్టె: ఏది కొనాలి, ఏది ఊళ్లోనే చేసుకోవాలి

హనుమకొండ, వరంగల్, కరీంనగర్‌లలో బడులకు సైన్సు సామాను అమ్మే దుకాణాల్లో ఈమధ్య ఒక పెద్ద అట్టపెట్టె కనబడుతోంది. పైన ఆకు బొమ్మ, పక్కన ‘ఎకో క్లబ్ ప్రాజెక్ట్ కిట్’ అన్న అక్షరాలు. లోపలి సరుకు దాదాపు ఒకటే, లేబుల్ మాత్రం దుకాణాన్ని బట్టి మారుతుంది. అందుకే ఇక్కడ కంపెనీ పేరు రాయడం లేదు. ధర మూడు వేలకు కాస్త అటూ ఇటూ. ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా పనికొస్తుందని పెట్టె మీద రాసి ఉంటుంది.

లోపల ఉండేవి ఇవి: నీటి పరీక్షల డబ్బా, టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల మొత్తం) చూపే పెన్ను, అడుగున నల్లా ఉన్న ఇరవై లీటర్ల కంపోస్టు బకెట్టు, చెత్తను మగ్గబెట్టే సూక్ష్మజీవుల కల్చర్ పొడి, కొబ్బరి పొట్టు ఇటుక, డయల్ థర్మామీటరు, ఐదు కిలోల స్ప్రింగ్ కాంటా, ప్లాస్టిక్ వానమాపకం, యాభై విత్తన బంతులు, కాగితం తయారు చేసే జాలీ చట్రం, గోడ చార్టు, బ్యాడ్జీలు, ఒక చేతిపుస్తకం.

మా తీర్పు ముందే చెప్తాం. ఇందులో కొలిచే వస్తువులకు పెట్టిన పైసలు వసూలవుతాయి. మిగతావి ఊళ్లోనే ఇంతకన్నా చవకగా, చాలావరకు ఇంతకన్నా మేలుగా దొరుకుతాయి. పర్యావరణం గురించి పిల్లలకు చార్టు ఎంత చెప్పినా అది పరీక్షల వరకే. తన బడి బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎంతుందో తన చేత్తో కొలిచి నోటుబుక్కులో రాసుకున్న పిల్ల మాత్రం ఇంటికి పోయి మా బోరు సంగతేంది అని అడుగుతుంది. ఆ అడిగే అలవాటు రావడమే ఈ ప్రాజెక్టులన్నిటికీ అసలు ఫలితం. పెట్టెలోని ఒక్కో వస్తువునూ ఆ లెక్కతోనే చూశాం.

నీటి పరీక్షల డబ్బా

పెట్టె మొత్తంలో దీని విలువే ఎక్కువ. పీహెచ్, కాఠిన్యం, క్లోరైడ్, ఫ్లోరైడ్, నైట్రేట్, మిగులు క్లోరిన్ పరీక్షలకు చుక్కల సీసాలు, రంగుల కార్డులు, గీతలున్న పరీక్ష నాళికలు, వీటితో పాటు బాక్టీరియా పరీక్షకు ఐదు హెచ్‌టూఎస్ (హైడ్రోజన్ సల్ఫైడ్) సీసాలు ఉంటాయి. మన వైపు బడుల్లో సాధారణంగా రెండు రకాల నీళ్లుంటాయి: మిషన్ భగీరథ నల్లా, బడి ఆవరణలోని బోరు. రెండింటినీ పక్కపక్కన పెట్టి పరీక్షిస్తే అదే ఒక పూర్తి ప్రాజెక్టు. ఊరి చెరువు నీళ్లను మూడో నమూనాగా తెస్తే ఇంకా మంచిది.

పోల్చడానికి తాగునీటి భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 (2012) అంకెలు చేతిలో ఉండాలి. చేతిపుస్తకంలో ఇవి సగమే ఇచ్చారు. పీహెచ్ 6.5 నుంచి 8.5 మధ్య ఉండాలి. తక్కినవాటికి మొదటి అంకె ఆమోదయోగ్యమైన పరిమితి, రెండోది వేరే నీటి ఆధారం లేనప్పుడు ఒప్పుకునే గరిష్ఠం, అన్నీ లీటరుకు మిల్లీగ్రాముల్లో: టీడీఎస్ 500, 2000, కాఠిన్యం 200, 600, క్లోరైడ్ 250, 1000, ఫ్లోరైడ్ 1.0, 1.5. నైట్రేట్‌కు 45 దాటితే మినహాయింపు లేదు. నల్లా చివర మిగులు క్లోరిన్ కనీసం 0.2 ఉండాలి. ఈ అంకెలను చార్టు మీద పెద్దగా రాసి గోడకు పెట్టండి. పెట్టెతో వచ్చే రంగుల చార్టు కన్నా పది రెట్లు పనికొస్తుంది.

కాఠిన్యం పరీక్షతో మొదలుపెట్టడం మేలు, ఎందుకంటే రంగు మారే క్షణం పిల్లలకు కళ్ల ముందే తెలుస్తుంది. నాళికలో గీత దాకా పది మిల్లీలీటర్ల నీళ్లు పోసి, బఫర్ ద్రావణం వేసి, సూచిక పొడి చిటికెడు కలిపితే ద్రాక్షరసం ఎరుపు వస్తుంది. తర్వాత ఈడీటీఏ ద్రావణం చుక్క చుక్కగా వేస్తూ ప్రతి చుక్కకూ నాళికను ఆడించాలి. ఎరుపు ఊదాగా మారి, ఒక్క చుక్కతో పూర్తి నీలమవుతుంది. ఈ డబ్బాలో ఒక చుక్క లీటరుకు 25 మిల్లీగ్రాములకు సమానం. పద్దెనిమిది చుక్కలు పడితే 450. ఇక్కడే తప్పు దొర్లుతుంది. సీసాను వాలుగా పట్టుకుంటే చుక్క సైజు మారిపోతుంది, లెక్క తప్పుతుంది. సీసాను నిటారుగా తలకిందులు చేసి పట్టుకోవాలని చేతిపుస్తకంలో ఎక్కడా లేదు. ఇద్దరు పిల్లలు ఒకే నీళ్లను పరీక్షిస్తే ఒకరికి పదహారు, ఇంకొకరికి ఇరవై వచ్చేది చాలాసార్లు ఈ కారణంగానే. ఊదా దగ్గరే ఆపేయడం రెండో కారణం. ఆ తేడా వచ్చినప్పుడు పంతులు సరైన జవాబు చెప్పేయకుండా, ఎందుకు తేడా వచ్చిందో పిల్లలతోనే వెతికించాలి.

ఫ్లోరైడ్ పరీక్ష మన ప్రాంతానికి అన్నిటికన్నా ముఖ్యం. ఇక్కడి నేల కింద ఎక్కువగా గ్రానైట్, నైస్ రాళ్లే. ఆ రాళ్లలోని ఖనిజాల నుంచి ఫ్లోరైడ్ నీళ్లలోకి దిగుతుంది. నీళ్లు రాతి పొరల్లో ఎంత ఎక్కువ కాలం నిలిస్తే అంత దిగుతుంది. లోతు బోర్లలో తరచుగా ఎక్కువ కనబడేది అందుకే. పరీక్షలో కారకం (సీసాలోని పరీక్ష రసాయనం) కలిపితే ఫ్లోరైడ్ లేని నీళ్లు గులాబీ రంగులో ఉంటాయి, ఫ్లోరైడ్ పెరిగేకొద్దీ పసుపు వైపు జరుగుతాయి. రంగుల కార్డు మీద 1.0కి, 1.5కి మధ్య తేడా చాలా పలచన. ట్యూబులైటు కింద చూస్తే అసలు తెలియదు. వరండా నీడలో, పగటి వెలుతురులో, తెల్లకాగితం వెనక పెట్టి చూడాలి. ముగ్గురు పిల్లలు ఒకరి అంకె ఒకరికి చెప్పకుండా రాసి, మధ్య అంకె తీసుకోవాలి. మగపిల్లల్లో కొందరికి ఎరుపు, ఆకుపచ్చ రంగుల తేడా సరిగా కనబడదు. వారికి ఆ రోజు నమోదు పని ఇవ్వండి, రంగు చదివే పని వద్దు. భగీరథ నల్లా నీళ్లలో ఉండే క్లోరిన్ ఈ కారకం రంగును కొంత తినేస్తుంది, దాంతో ఫ్లోరైడ్ ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది. ఆ నమూనాను వెడల్పు గిన్నెలో ఒక రోజు ఎండలో తెరిచి పెట్టి పరీక్షించాలి. క్లోరిన్ పరీక్షకు మాత్రం ఇది తిరగబడుతుంది: నల్లా దగ్గరే, పట్టిన నిమిషాల్లోనే చూడాలి. మిద్దె మీది ట్యాంకులో మధ్యాహ్నం దాకా నిలిచిన నీళ్లు పట్టి క్లోరిన్ లేదని రాస్తే అది పంచాయతీ తప్పు కాదు.

ఫలితం 1.5 దాటితే ఊళ్లో చాటింపు వేయకండి. బడి స్థాయి కిట్టు అనుమానం చెప్తుంది, నిర్ధారణ చెప్పదు. గ్రామీణ నీటి సరఫరా శాఖకు జిల్లా స్థాయి పరీక్ష కేంద్రాలున్నాయి. శుభ్రమైన లీటరు సీసాను అదే నీళ్లతో మూడుసార్లు కడిగి, నింపి, తేదీ, చోటు రాసి పంపాలి. అక్కడి అంకె, పిల్లల అంకె పక్కపక్కన రాస్తే ఆ పేజీ ఏడాది ప్రాజెక్టులో అన్నిటికన్నా విలువైన పేజీ అవుతుంది.

హెచ్‌టూఎస్ సీసా గురించి కాస్త జాగ్రత్తగా చెప్పాలి. ఈ పద్ధతిని మన దేశ శాస్త్రవేత్తలే 1982లో ప్రచురించారు. తర్వాత చాలా దేశాలు వాడాయి. సీసాలో గీత దాకా నీళ్లు పోసి మూత బిగించి, వెచ్చగా ఉండే చోట 24 నుంచి 48 గంటలు ఉంచితే, మలసంబంధ కలుషితం ఉన్న నీళ్లు నల్లబడతాయి. నల్లబడ్డ సీసాలో బాక్టీరియా కోట్లలో పెరిగి ఉంటుంది. పిల్లలు దాన్ని తెరవకూడదు, వాసన చూడకూడదు. టీచరే చేతికి తొడుగు వేసుకుని, బ్లీచింగ్ పౌడర్ నీళ్లు నిండా పోసి, గంట ఆగి మరుగుదొడ్డిలో ఒంపాలి. ఇంత ముఖ్యమైన మాట చేతిపుస్తకంలో చివరి పేజీలో, చిన్న అక్షరాల్లో ఉంది. పెట్టెలో చేతి తొడుగులు లేవు, కళ్లద్దాలు లేవు. ఫ్లోరైడ్ కారకంలో ఆమ్లం ఉంటుంది; క్లోరైడ్ పరీక్షలో సూచికగా వాడే పొటాషియం క్రోమేట్ విషం, సిల్వర్ నైట్రేట్ వేళ్లకు అంటితే నల్లటి మచ్చలు పడి కొన్ని రోజులు పోవు. ఆరో తరగతి నుంచి అని పెట్టె మీద రాయడం సరికాదు. పీహెచ్, టీడీఎస్, కాఠిన్యం ఆరో తరగతికి ఇవ్వొచ్చు. ఫ్లోరైడ్, క్లోరైడ్ ఎనిమిది దాటాకే, అదీ టీచర్ పక్కన నిలబడి చేయించాలి.

టీడీఎస్ పెన్ను అందరికీ నచ్చుతుంది, తప్పుదోవ కూడా అదే పట్టిస్తుంది. ముంచగానే అంకె వస్తుంది, తక్కువ వస్తే మంచి నీళ్లనుకుంటారు. అది కొలిచేది నీళ్లలో కరిగిన లవణాల వల్ల కరెంటు ఎంత పారుతుందో అంతే. బాక్టీరియా, పురుగుమందులు దానికి కనబడవు. ఫ్లోరైడ్ ఎంతో విడిగా చెప్పదు. వానాకాలం చెరువు నీళ్లలో టీడీఎస్ బోరు నీళ్లకన్నా చాలా తక్కువ ఉండొచ్చు, అదే నీళ్లతో హెచ్‌టూఎస్ సీసా మర్నాటికే నల్లబడొచ్చు. ఈ రెండు ఫలితాలూ ఒకే బల్ల మీద పిల్లలకు చూపిస్తే, డబ్బా నీళ్ల ప్రకటనలను వాళ్లు ఇక వేరేగా చూస్తారు. పెన్ను సరిగా ఉందో లేదో చూడటానికి అర గ్రాము ఉప్పును లీటరు డిస్టిల్డ్ వాటర్‌లో కలపండి. 500కు దగ్గరగా చూపితే సరే. 700 దగ్గర చూపితే పెన్ను చెడినట్టు కాదు, దాని లెక్కలో వాడే గుణకం వేరు. ఆ సంగతి పెన్ను మీద రాసి పెట్టుకోండి. అర గ్రాము తూచడం కష్టమైతే రెండు గ్రాములు నాలుగు లీటర్లలో కలపొచ్చు. పని అయ్యాక కొనలను మంచినీళ్లతో కడిగి తుడవకపోతే ఉప్పు పేరుకుని అంకె పెరుగుతూ పోతుంది.

కారకాలను ఎండాకాలంలో రేకుల గదిలో వదిలేయడం ఈ డబ్బా పాడవడానికి మొదటి కారణం. మన మే నెల వేడికి సూచికలు విరిగిపోతాయి. పీహెచ్ కాగితాలకు వానాకాలం తేమే శత్రువు. ఏప్రిల్‌లో బడి మూసేముందు సీసాలను మూత గట్టి డబ్బాలో పెట్టి, మందుల్లాగే చల్లని, చీకటి చోట దాచాలి.

కంపోస్టు బకెట్టు

ఇక్కడ పెట్టె బాగా వెనకబడింది. బకెట్టు ఒక్కటే ఇచ్చారు. కంపోస్టుకు కనీసం రెండు కావాలి, ఎందుకంటే ఒకటి నిండి మగ్గుతుండగా రెండోది నింపాలి. థర్మామీటరు ఇచ్చారు, కానీ ఇరవై లీటర్ల బకెట్టులో వేడి నిలవదు. కుప్ప 55 డిగ్రీలకు చేరాలంటే మీటరు పొడవు, మీటరు వెడల్పు, మీటరు ఎత్తు పరిమాణం ఉండాలి. బకెట్టులో థర్మామీటరు గది వేడికి ఐదారు డిగ్రీలు ఎక్కువ చూపితే పిల్లలు ఏదో తప్పు జరిగిందనుకుంటారు. 45 రోజుల్లో ఎరువు అని చేతిపుస్తకం అంటుంది. ఈ సైజులో రెండు నుంచి మూడు నెలలు పడుతుంది.

దీనికి బదులు కుమ్మరి దగ్గర రెండు గోలేలు కొనండి. ఒక్కోదానికి అడుగున మూడు, పక్కల వరసగా బెత్తెడు దూరంలో చిటికెన వేలంత రంధ్రాలు పచ్చిమట్టి మీదే పెట్టించండి. కాల్చాక డ్రిల్లు వేస్తే పగుళ్లొస్తాయి. మట్టి గోడ తేమను పీల్చి బయటికి వదులుతుంది కాబట్టి లోపల నీళ్లు నిలవవు, కంపు రాదు. ప్లాస్టిక్ బకెట్టులో ఆ నీళ్లు పోవడానికే నల్లా పెట్టారు, కానీ మధ్యాహ్న భోజనం అన్నం మెతుకులతో అది వారంలోపే మూసుకుపోతుంది. బకెట్టే వాడాలనుకుంటే అడుగున రెండు అంగుళాలు కొబ్బరి పీచు పరిచి, పక్కల రంధ్రాలు చేసుకోండి.

పాళ్లు ఇవి: తడి చెత్త ఒక డబ్బా వేస్తే ఎండుటాకులు రెండు డబ్బాలు. తడి అంటే కూరగాయల తొక్కలు, మిగిలిన అన్నం, పప్పు. సాంబారు నీళ్లు ఒంపేసి పిప్పి మాత్రమే వేయాలి. ఉప్పు, నూనె ఎక్కువైతే సూక్ష్మజీవులు మందగిస్తాయి. గుడ్డు పెంకులు నలిపి వేయాలి, లేకపోతే ఎరువు జల్లెడ పట్టినప్పుడు అలాగే వస్తాయి. ఆకుల్లో వేప, కానుగ మేలు. టేకు ఆకు దళసరి, చింపి వేయకపోతే మూడు నెలలకూ అలాగే ఉంటుంది. ప్రతి పొర మీద పాత ఎరువు గానీ చివికిన పశువుల పెంట గానీ రెండు పిడికిళ్లు చల్లితే చాలు. కల్చర్ పొడి చేసే పని ఇదే, దానికి వేరే ఖర్చు అక్కర్లేదు.

ఏం తప్పు జరిగిందో ముక్కే చెప్తుంది. కుళ్లు కంపు వస్తే తడి ఎక్కువైంది: ఎండుటాకులు వేసి కలపాలి. ఘాటైన అమ్మోనియా వాసన వస్తే నత్రజని ఎక్కువ: ఇక్కడా ఆకులే మందు, కాగితం ముక్కలు కూడా పనిచేస్తాయి. చీమలు పట్టాయంటే ఎండిపోయింది: నీళ్లు చల్లాలి. తేమ పరీక్ష ఎవరైనా చేయొచ్చు: పిడికెడు తీసి గట్టిగా పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి. ధార కట్టకూడదు, పొడిగా రాలకూడదు. తెల్లగా లావుగా పురుగులు కనబడితే పిల్లలు కేకలేస్తారు. అవి సాధారణంగా నల్ల సైనిక ఈగ పిల్లలు, చెత్తను వేగంగా తింటాయి, కుట్టవు, కరవవు. చంపనివ్వకండి.

పెట్టెతో వచ్చిన కాలపట్టిక మన బడి ఏడాదికి అస్సలు సరిపోదు. జనవరిలో మొదలుపెట్టమంటుంది. అలా చేస్తే సరిగ్గా మగ్గే సమయానికి వేసవి సెలవులొస్తాయి, నీళ్లు చల్లేవాళ్లుండరు, జూన్‌లో తిరిగొచ్చేసరికి గోలెంలో ఎండుగడ్డలు మిగులుతాయి. మన లెక్క ఇలా ఉండాలి: జూన్ 12న బడి తెరిచాక ఆకుల బస్తాలు పోగేసి, జులై మొదటి వారంలో మొదటి గోలెం మొదలు. ఆగస్టు రెండో వారానికి నింపడం ఆపి మూత వేయాలి. వారానికి ఒకసారి తిరగేస్తూ పోతే దసరా సెలవుల నాటికి చాలావరకు మగ్గుతుంది, ఆ సెలవుల్లో ఎవరూ ముట్టుకోకపోయినా నష్టం లేదు. బతుకమ్మ పూలు ఆ సమయంలోనే వస్తాయి. బడిలో ఆడిన బతుకమ్మల తంగేడు, గునుగు, బంతి రెండో గోలేనికి మంచి సరుకు. గునుగుకు రంగు అద్ది ఉంటే దాన్ని వేరు చేయండి. రెండో గోలెం సంక్రాంతి దాటాక, ఫిబ్రవరిలో తీసి మొక్కలకు వేసేయొచ్చు.

ఎరువు తయారైందో లేదో తేల్చడానికి చేతిపుస్తకంలో ‘నల్లగా, మట్టి వాసనతో ఉండాలి’ అన్న ఒక్క వాక్యమే ఉంది. అంతకన్నా నమ్మకమైన పరీక్ష ఉంది. రెండు డబ్బాల్లో ఒకదాంట్లో ఉత్త మట్టి, రెండోదాంట్లో సగం మట్టి సగం ఎరువు నింపి, ఒక్కోదాంట్లో పది పెసలు వేయాలి. ఐదో రోజు లెక్కపెట్టాలి. ఎరువు డబ్బాలో మొలకలు తక్కువ వస్తే అది ఇంకా పచ్చిగా ఉన్నట్టు. మరో మూడు వారాలు మగ్గనివ్వాలి.

కాంటా, వానమాపకం

పెట్టెలో అన్నిటికన్నా చవకైన వస్తువు స్ప్రింగ్ కాంటా. మా దృష్టిలో అన్నిటికన్నా మంచిది కూడా అదే. మధ్యాహ్న భోజనం తర్వాత మిగిలినదాన్ని రోజూ ఒకే బకెట్టులో తూచి, ఖాళీ బకెట్టు బరువు తీసేసి, ఆ రోజు తిన్నవాళ్ల సంఖ్యతో భాగించాలి. తలకు ఇన్ని గ్రాములు అని గోడ మీద గ్రాఫు గీయాలి. కాంటా గీతలు యాభై గ్రాములకు ఒకటి కాబట్టి తరగతి వారీగా తూచితే అంకెలు నమ్మలేం. బడి మొత్తం కలిపి తూచాలి. నెల తిరిగేలోపు ఏ కూర రోజు ఎక్కువ మిగులుతోందో, గుడ్డు రోజు ఎంత తగ్గుతోందో పిల్లలే చెప్పేస్తారు. వంట చేసే అమ్మలను కూర్చోబెట్టి ఆ గ్రాఫు చూపిస్తే బియ్యం కొలత మార్చడం సులువవుతుంది.

ఒక్క హెచ్చరిక. చేతిపుస్తకం తక్కువ వృథా చేసిన తరగతికి బహుమతి ఇవ్వమంటుంది. ఇవ్వకండి. బహుమతి పెట్టగానే మిగిలిన అన్నం గోడవతలికి పోతుంది, కాంటా మీదికి రాదు. అంకె తగ్గడం కన్నా అంకె నిజం కావడం ముఖ్యమని పిల్లలకు మొదటి రోజే చెప్పాలి.

వానమాపకం కూడా ఉంచుకోదగ్గదే, కానీ 100 మిల్లీమీటర్ల దాకానే గీతలున్నాయి. 2023 జులై 27న ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజులో 649.8 మిల్లీమీటర్లు కురిసిన నేల మనది. పెద్ద వాన పడే రోజుల్లో మధ్యలోనే ఒంపి, రాసుకుని, కలుపుకోవాలి. అంచు నేలకు 30 సెంటీమీటర్ల ఎత్తులో ఉండాలి. చెట్టు గానీ గోడ గానీ ఉంటే దాని ఎత్తుకు రెట్టింపు దూరంలో పెట్టాలి. బడి గోడకు ఆనించి మేకు కొట్టి తగిలించిన మాపకాలు సగం వాననే చూపిస్తాయి. వాతావరణ శాఖ ఉదయం ఎనిమిదిన్నరకు కొలుస్తుంది. బడిలో ప్రార్థన సమయం నిర్ణయించుకుని ఏడాదంతా అదే పాటించాలి. ఆదివారం వాన సోమవారం అంకెలో కలుస్తుంది, పక్కన ‘రెండు రోజులది’ అని రాయాలి. మండలాల వారీ రోజువారీ వర్షపాతాన్ని రాష్ట్ర ప్రణాళికాభివృద్ధి సంస్థ ప్రకటిస్తుంది. దానితో పోల్చి చూడొచ్చు.

ఏడో తరగతి లెక్కలకు ఇంతకు మించిన పాఠం లేదు. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన అంటే ఒక లీటరు. వంద చదరపు మీటర్ల స్లాబు మీద పది మిల్లీమీటర్లు కురిస్తే వెయ్యి లీటర్లు. ఇంకినవి, ఆవిరైనవి పోను ఎనిమిది వందలైనా పైపులోంచి దిగుతాయి. ఆ పైపు ఇప్పుడు ఎక్కడికి పోతోందో చూసి రమ్మంటే పిల్లలు మోరీ దాకా వెళ్లి చూసొస్తారు. ఇంకుడుగుంత మాట అప్పుడు తీయండి.

తక్కినవి

విత్తన బంతులకు పైసలు పెట్టకండి. లోపల వేప గింజలని రాసి ఉంది, కానీ వేప గింజ రాలిన కొన్ని వారాలకే మొలకెత్తే శక్తి పోగొట్టుకుంటుంది. ఎప్పుడో చుట్టి, పెట్టెలో పెట్టి, దుకాణంలో నెలలు గడిపిన బంతిలో ప్రాణం ఉండటం అరుదు. కొన్ని పెట్టెల్లో సుబాబుల్ ఉంటుంది. అది ఎక్కడ పడితే అక్కడ మొలిచి తక్కిన మొక్కలను అణిచేస్తుంది. పాకాల, ఏటూరునాగారం అభయారణ్యాల వైపు విహారయాత్రకు పోయినప్పుడు బంతులు విసిరే అలవాటు మంచిది కాదు. అడవిలో ఏది నాటాలో అటవీ శాఖను అడగాలి. బడిలోనే చేయదలిస్తే జూన్‌లో చెట్టు కింద రాలిన వేపపండ్లు ఏరి, గుజ్జు కడిగి, నీడలో రెండు రోజులు ఆరబెట్టి వెంటనే నాటండి. తంగేడు గింజ పైపొర గట్టిది. మరిగి దించిన నీళ్లలో వేసి రాత్రంతా నాననిస్తే బాగా మొలుస్తుంది. కొబ్బరి చిప్పకు అడుగున రంధ్రం చేసి, చెరువు ఒండ్రు రెండు పాళ్లు, ఎరువు ఒక పాలు నింపి, చిప్పకు రెండు గింజలు వేయాలి. ఎన్ని వేశాం, ఎన్ని మొలిచాయి, వచ్చే జూన్‌కు ఎన్ని బతికాయి, ఈ మూడు అంకెలూ రాయించండి. నాటిన రోజు ఫోటో కన్నా మూడో అంకె గురించి అడిగే హెడ్మాస్టర్లు కావాలి.

కాగితం చట్రం జాలీ నాలుగైదు సార్లకే కుంగుతుంది. పనీ సరదాగానే ఉంటుంది, ఒక మధ్యాహ్నానికి సరిపోతుంది, అంతే. బ్యాడ్జీల గురించి చెప్పేదేమీ లేదు.

ఒకటి మాత్రం కంపెనీ వెంటనే సరిదిద్దాలి. ప్రతి వస్తువునూ విడిగా ప్లాస్టిక్ కవర్లో పెట్టి, మధ్యలో థర్మోకోల్ దిమ్మెలు పేర్చారు. అలంకరణకు వాడే థర్మోకోల్‌ను 2022 జులై 1 నుంచి దేశమంతా నిషేధించారు. ప్యాకింగ్ ఆ నిషేధం కిందికి రాకపోవచ్చు గానీ, ఆ దిమ్మెలు బడిలో ఏమవుతాయో అందరికీ తెలుసు: సైన్స్ ఫెయిర్‌లో పర్యావరణ నమూనాకు పునాది అవుతాయి. పాత అట్టలు, ఎండు బెండు, బంకమన్నుతో ఆ నమూనాలన్నీ చేయొచ్చు. మీ బడి ప్రదర్శనలో థర్మోకోల్‌కు చోటు లేదని ముందే నోటీసు పెట్టండి.

కొనేటప్పుడు

పూర్తి పెట్టె కొనవద్దన్నదే మా సలహా. నీటి పరీక్షల డబ్బా, టీడీఎస్ పెన్ను, కాంటా, వానమాపకం విడిగా ఇస్తారా అని అడగండి. చాలా దుకాణాలు ఇస్తాయి. అలా తీసుకుంటే పెట్టె ధరలో దాదాపు సగానికి పని అవుతుంది. మిగిలిన దాంతో రెండు గోలేలు, ఒక జల్లెడ, ఒక చిన్న పార, చేతి తొడుగులు, నాలుగు జతల కళ్లద్దాలు వస్తాయి. కంపోస్టు మాత్రమే చేద్దామనుకునే ప్రాథమిక పాఠశాలలకు ఈ పెట్టెతో అసలు పనే లేదు.

డబ్బు ఇచ్చేముందు కౌంటర్ దగ్గరే మూత తీయించండి. ప్రతి కారకం సీసా మీదా తయారీ తేదీ, గడువు తేదీ చూడాలి. జూన్‌లో కొంటుంటే గడువు కనీసం వచ్చే ఏప్రిల్ దాటాలి. సూచిక పొడి గడ్డకట్టి ఉంటే తేమ తగిలిందని అర్థం, తీసుకోవద్దు. హెచ్‌టూఎస్ సీసాల మూత సీలు తెగి ఉండకూడదు. పెన్ను బటన్ నొక్కి తెర వెలుగుతోందో చూసి, అందులో పడే బటన్ సెల్లు నంబరు రాసుకోండి. కారకాల రీఫిల్ విడిగా దొరుకుతుందా, ఎంతకు, ఎన్ని రోజుల్లో తెప్పిస్తారు అన్నది బిల్లు వెనక రాయించుకోండి. ఫ్లోరైడ్ కారకం అన్నిటికన్నా ముందు అయిపోతుంది, కాబట్టి ఆ ఒక్క సీసా మొదటి రోజే అదనంగా తీసుకోవడం మంచిది.